గగన్‌వీర్ గొంగడి రంగు

అంధేరి, బొంబాయి
ఆగస్టు 11, 1997

సంగన్నకు,

నువ్వూ వదినా బాగున్నారనుకుంటాను. నేను బాగున్నాను. ఆ ముక్క ఇక్కడితో అయిపోయింది, అసలు సంగతి వేరే ఉంది. నిలబడి చదువుతుంటే కూర్చో.

మా స్టూడియోవాళ్ళు గగన్‌వీర్‌ను బొమ్మల సీరియల్‌గా తీస్తున్నారు. అవును, మన గగన్‌వీరే. పగలంతా తపాలా ఆఫీసులో ముద్రలు గుద్ది, ఎవరికైనా ఆపద వస్తే వెనక గదిలోకి పోయి నీలి గొంగడి తగిలించుకుని ఎగిరిపోయేవాడు. ఏడాదిగా పని నడుస్తోంది. బయట ఎవరికీ చెప్పొద్దన్నారు కాబట్టి నీకూ రాయలేదు. చెప్పక చెప్పక నా కడుపు ఉబ్బిపోయింది. దసరా దాటాక ఆదివారం పొద్దున టీవీలో వస్తుంది, ఇక చెప్పుకోవచ్చన్నారు.

ఇక్కడ దాన్ని కేప్ అంటారు. నేను మొదటిరోజే నోరు జారి గొంగడి అన్నాను. గొంగడి అంటే ఏమిటని అడిగితే, మా ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళు కప్పుకుంటారని చెప్పాను. అప్పటినుంచి అందరూ నన్ను ఏడిపిస్తున్నారు. మనకు మరో మాట ఎక్కడ దొరుకుతుంది? మనం చూసినవాళ్ళలో వీపు మీద అంత బట్ట వేసుకుని తిరిగినవాళ్ళు వాళ్ళొక్కరే.

బస్టాండు పక్కన ఖయ్యూం చాచా కిరాయి పుస్తకాల దుకాణం గుర్తుందా అని అడగను, నీకు గుర్తుండకపోతే ఇంకెవరికి ఉంటుంది. పుస్తకం తిరిగి ఇచ్చేలోపు నేను పల్చటి కాగితం పెట్టి బొమ్మ ఎత్తుకునేదాన్ని, నువ్వు రంగు నింపేవాడివి. అమ్మ బట్టలకు పెట్టే నీలిమందు చాయ్ గ్లాసులో కలిపి, గొంగడికి ఒక పూత, ఆరాక ఇంకో పూత. "గీత నీది, రంగు నాది" అని పంచుకున్నాం. చాచా మన కాగితం చూసి, "అచ్చు కంటె గిదే మంచిగున్నది బేటా" అన్నాడు. ఆర్ట్ కాలేజీ పరీక్షలో వాళ్ళు గీత అడిగారు, రంగు అడగలేదు. అందుకే నేను ఇక్కడున్నాను, నువ్వు అక్కడున్నావు. నాకు ఇది ఎప్పుడూ అన్యాయంగానే ఉంటుంది.

ఇప్పుడు మా రంగుల విభాగానికి మనుషులు కావాలి. అక్కడి పెద్దావిడతో నీ గురించి చెప్పాను. పరీక్ష ఒకటి పంపిస్తానంది. అందులో నెగ్గావంటే నువ్వూ వదినా వచ్చేయండి, ఉండడానికి చోటు నేను చూస్తాను. ఆ గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీ వాసనలో నువ్వు ఇంకా ఉండడం నాకు ఇష్టం లేదు. ఊరికే అంటున్న మాట కాదు.

జవాబు జల్దీ రాయి. పాత అలవాటుగా నెల తరవాత రాశావంటే వదినకు చాడీలు చెప్తాను.

కమల


పటాన్‌చెరు
సెప్టెంబరు 14, 1997

చెల్లె కమలకు,

ఉత్తరం అందింది. సంతోషం. మల్లమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "ఎవరాయన, మీ సుట్టమా?" అన్నది. అవునన్నాను.

ముందు ఒక మాట. గొంగడిలో మడతలు ఉంచారా, తీసేశారా? ఆ పుస్తకాలు గీసిన పెద్దమనిషి పేరు మనకు ఎప్పుడూ తెలియలేదు. ఆయన పనంతా ఆ మడతల్లోనే ఉంది. గాలి ఎటునుంచి వస్తోందో మడత చూస్తే తెలిసేది. గగన్‌వీర్ కోపంగా ఉంటే మడతలు నిక్కపొడుచుకుని ఉండేవి. ఎవరైనా ఓడి కింద పడితే మాత్రం ఒక్క మడత కూడా ఉంచడు, తడిగుడ్డ పడేసినట్టు వేస్తాడు. నీడకు నల్లసిరా వాడడు, ముదురు నీలమే వాడతాడు. అచ్చులో ఆ నీలం గీత దాటి పక్క గడిలోకి పోయేది. సగం ఆకాశం తపాలా మాస్టరు ముఖం మీద పడేది. అయినా అది మంచి నీలం.

ఇప్పుడొచ్చే పుస్తకాలు అట్లా లేవు. ఖయ్యూం చాచా కొడుకు కొత్తవి తెస్తున్నాడు, అప్పుడప్పుడు చూస్తున్నాను. నీలం పల్చన చేసేశారు. అందులో బూడిద కలిపినట్టు ఉంటుంది. ప్రెస్సువాళ్ళు సిరా మిగుల్చుకుంటున్నట్టున్నారు.

ఇక్కడ విశేషాలు లేవు. వాడిన సాల్వెంటును మళ్ళీ మరిగించి తీసే సెక్షన్‌లోనే ఉన్నాను. డ్యూటీ దిగాక తల దిమ్ముగా ఉంటుంది, ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటాను. మొన్న మల్లమ్మ కావాలనే కూరలో ఉప్పు వెయ్యలేదట, నేనేమంటానో చూద్దామని. నేను తిని చెయ్యి కడుక్కున్నాను. "నీకు నాలుక ఉన్నదా పోయిందా?" అని అడిగింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి దగ్గరికి పోయినప్పుడు మల్లమ్మ నీలం చీరకు జాకెట్టు గుడ్డ తెచ్చాను. ఆ చీరకూ ఈ గుడ్డకూ సంబంధమే లేదని అలిగింది. దుకాణంలో లైటు సరిగ్గా లేదు.

పరీక్ష పంపించు. నాకు ఇక్కడినుంచి పోవాలని ఉంది. ఈ మాట ఇంతకు ముందు ఎవరితోనూ అనలేదు, మల్లమ్మతో కూడా.

సంగప్ప


అంధేరి, బొంబాయి
నవంబరు 9, 1997

అన్నా,

మొదటి ఎపిసోడ్ చూశావా? తిట్టాలనుకుంటే తిట్టు, కానీ కొంచెం నెమ్మదిగా తిట్టు. నాకు నెల రోజులుగా నిద్ర సరిగ్గా లేదు.

మడతల గురించి. తీసేశాం. నువ్వు కొట్టేంత దగ్గరలో లేవు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. పుస్తకంలో ఒక గొంగడిని ఒకసారి గీస్తే సరిపోతుంది. ఇక్కడ గగన్‌వీర్ గుమ్మం దాటి వీధిలోకి వచ్చేలోపే అదే గొంగడిని పదిమంది కూర్చుని మళ్ళీ మళ్ళీ గియ్యాలి. మడత ఒకటి పెరిగితే అందరి మెడలూ పడిపోతాయి. నేను మూడు మడతలు అడిగాను, ఒకటి ఇచ్చారు. చివరి పోరాటం నా చేతికి వచ్చేట్టుంది. అందులోనైనా పెద్దాయన మడతలు పెట్టి తీరుతాను, ఎవరి మెడ పడిపోయినా సరే.

మొదటి పెద్ద కథ నకిలీ గగన్‌వీర్ కథ. నీకు కంఠతా వచ్చినదే. వాడు ముఖం దొంగిలిస్తాడు, గొంతు దొంగిలిస్తాడు, తపాలా ఆఫీసులో కుర్చీ కూడా దొంగిలిస్తాడు. ఆ నీలం ఒక్కటి చేతకాక ఆకుపచ్చ గొంగడి వేసుకుని వస్తాడు. ఊళ్ళోవాళ్ళకు తేడా తెలియదు, చూసేవాళ్ళకు తెలుస్తుంది. చిన్నప్పుడు ఆ పుస్తకం చదువుతూ, "వాడు కాదు, వాడు కాదు" అని నువ్వు కాగితం మీద వేలితో కొట్టేవాడివి. మా పెద్దావిడ కూడా అదే అంటుంది. ఈ కథంతా రంగు మీద నిలబడింది, రంగు పోతే కథ లేదు అని.

అందుకే నీ పరీక్షకూ అదే పెట్టింది. పొట్లంలో రెండు పారదర్శకమైన రేకులున్నాయి. ఒకదాని మీద గగన్‌వీర్, ఒకదాని మీద నకిలీవాడు. గీత ముందువైపు ఉంది, నువ్వు రంగు వెనకవైపు వెయ్యాలి. చిన్న సీసాల్లో రంగులున్నాయి, వాటి మీద నంబర్లున్నాయి. ఏ రేకులో ఎక్కడ ఏ నంబరో చీటీ మీద రాసి ఉంది. గీత దాటకుండా, చారలు పడకుండా వెయ్యడమే పరీక్ష. నీకిది అన్నం తిన్నంత పని.

వదిననడుగు, బొంబాయిలో వర్షం ఎక్కువ, ఫరవాలేదా అని.

కమల


పటాన్‌చెరు
డిసెంబరు 21, 1997

చెల్లె కమలకు,

పరీక్ష పూర్తి చేసి ఈ రోజే పంపించాను. ఖదీర్ లకడీకాపూల్ పోతుంటే అతని చేతికిచ్చాను, కొరియర్‌లో వేస్తాడు. ఖదీర్ మా షిఫ్టులోనే ఉంటాడు, మంచి మనిషి. ఆదివారం అతని ఇంట్లోనే టీవీ చూస్తున్నాను.

వెనకవైపునుంచి వెయ్యడం మొదట తికమకగా ఉంది, తరవాత అలవాటైంది. చిక్కదనం చూసి కొద్దిగా నీళ్ళు కలిపాను. సీసాల మూతి ఇరుకుగా ఉండి కుంచె సరిగ్గా మునగలేదు. అందుకని మన పద్ధతిలోనే చాయ్ గ్లాసుల్లో పోసుకున్నాను. ఆ నంబర్ల చీటీ చూడలేదు. గగన్‌వీర్‌కు ఏ రంగు వెయ్యాలో నాకు చీటీ చెప్పాలా? బొమ్మలు ఆరబెట్టి వెలుతురుకు ఎత్తి చూశాను, గీత ఎక్కడా దాటలేదు.

కమలా, ఆ పని చేసినంతసేపు నాకు తల దిమ్ము లేదు. మల్లమ్మ అన్నం తినమని మూడుసార్లు పిలిచింది. ఆకలైంది కూడా. చాలా రోజులైంది ఆకలి అయి.

ఇక సీరియల్ సంగతి. గగన్‌వీర్ పరుగెడుతుంటే వెనక అదే చెట్టు, అదే కరెంటు స్తంభం, అదే మేక తిరిగి తిరిగి వస్తున్నాయి. మేకనైనా మార్చండి. తపాలా మాస్టరు మాట్లాడితే దవడ ఒక్కటే కదులుతుంది, మిగతా ముఖం గోడలా ఉంటుంది. ఎగిరే సీన్లు మాత్రం బాగున్నాయి. మేడ మీదినుంచి దూకి, పడేలోపు ఒక్క క్షణం గాలిలో ఆగినట్టు చేశారు చూడు, పుస్తకంలో అది లేదు. అక్కడ మీవాళ్ళు పెద్దాయన కంటె మేలు చేశారు. ఖదీర్ వాళ్ళ టీవీ పాతది, రంగులు సరిగ్గా రావు.

మల్లమ్మకు వర్షం ఫరవాలేదట. ఇక్కడ బోరు నీళ్ళు వాసన కొడుతున్నాయి, ఏ నీళ్ళైనా ఫరవాలేదంటోంది. అప్పుడే ఏ సామాను తీసుకుపోవాలో, ఏది అమ్మాలో చెప్తోంది. నేను వద్దనలేదు.

ఫలితం ఏదైనా ఆలస్యం చెయ్యకుండా రాయి.

సంగప్ప


అంధేరి, బొంబాయి
జనవరి 18, 1998

అన్నా,

నన్ను ఆటపట్టిస్తున్నావా? అయితే చాలా బాగా పట్టించావు. నా పరువు తీశావు.

నీ పొట్లం పెద్దావిడ ముందే విప్పాను, గొప్పగా. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని రేకును వెనక్కి తిప్పి చూసింది. చార లేదు, మరక లేదు, గీత మీద ఒక్క చుక్క పడలేదు. "ఈ చెయ్యి ఇన్నాళ్ళూ ఎక్కడుంది?" అంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. తరవాత రెండు రేకులూ పక్కపక్కన పెట్టి చూసింది. మెల్లగా నవ్వి నా వైపు తోసింది.

గగన్‌వీర్‌కు ఆకుపచ్చ వేశావు. నకిలీవాడికి నీలం వేశావు.

నేను కూడా నవ్వాను. మా అన్న తమాషా మనిషి, నన్ను ఏడిపించడానికి చేశాడన్నాను. నిజంగా నువ్వు తమాషా మనిషివేనా? చిన్నప్పుడు నేను ఒకసారి నకిలీవాడికి నీలం పెన్సిలు రాశానని నువ్వు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. గగన్‌వీర్‌తో తమాషాలు చేసేవాడివి కాదు.

పెద్దావిడ నీ చేతిని వదులుకోనంటోంది. ఈసారి చీటీ చూసి వెయ్యమంది. మార్చిలో ఇంకో రెండు రేకులు పంపిస్తాం. కానీ ముందు ఏమైందో నాకు రాయి. కోపం లేదు, ఉత్తగనే తెలుసుకోవాలని.

కమల


పటాన్‌చెరు
ఫిబ్రవరి 15, 1998

చెల్లె కమలకు,

గ్లాసులు కలిసిపోయాయి. చెప్పాను కదా, సీసాల్లోంచి గ్లాసుల్లో పోసుకున్నానని. కరెంటు పోయింది, దీపం పెట్టుకుని వేశాను. అంతే. పెద్దావిడకు క్షమించమని చెప్పు. ఈసారి గ్లాసుల్లో పొయ్యను.

వేరే సంగతి రాస్తాను. నకిలీ గగన్‌వీర్ కథ మొదలైంది కదా, రెండు ఆదివారాలుగా చూస్తున్నాను. తప్పు చేశారు. ఈ మాట నీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా రాయాలి. ఇద్దరికీ ఒకే గొంగడి వేశారు. పుస్తకంలో నకిలీవాడిది ఆకుపచ్చ అని నువ్వే రాశావు. ఇప్పుడు రంగు మిగుల్చుకోవడానికి ఇద్దరికీ ఒకటే పూశారు. ఆ బూడిద నీలమే. ఇద్దరూ కలిసి ఒక గదిలో ఉంటే ఎవరు ఎవరో ఎవరికి తెలుస్తుంది? ఊళ్ళోవాళ్ళు మోసపోతే సరే, చూసేవాళ్ళం కూడా మోసపోతే ఇంక కథేముంది? పెద్దావిడ రంగు పోతే కథ లేదన్నదని రాశావు. ఆమె ఒప్పుకుందా దీనికి?

ఖదీర్ పిల్లలకు కూడా చెప్పాను, మా చెల్లె వాళ్ళు తప్పు చేశారని. వాళ్ళు నా వైపు చూసి మళ్ళీ టీవీ చూడసాగారు.

ఇక్కడ నన్ను రియాక్టరు దగ్గరికి మార్చారు. పని తేలికే. మరుగుతున్నదాంట్లో కాగితం పట్టీ ముంచి చూడాలి, అంతే. మల్లమ్మ ట్రంకుపెట్టె కొన్నది.

సంగప్ప


అంధేరి, బొంబాయి
మార్చి 3, 1998

అన్నా,

నకిలీవాడి గొంగడి ఆకుపచ్చ.

నేనే దగ్గరుండి వేయించాను. లేత ఆకుపచ్చ కాదు, చిలక రంగు. నేను అద్దెకున్న ఇంటి ముసలావిడకు కళ్ళద్దాలు లేకపోతే మెట్లు కనపడవు, ఆమె కూడా టీవీ చూసి "వాడు దొంగ" అని చెప్పింది. ఖదీర్ టీవీ పాతదైతే దాంట్లో చూసే పిల్లలకు కూడా తెలియకూడదు కదా. వాళ్ళు నీ వైపు ఎందుకు చూశారో ఆలోచించావా?

నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. పుస్తకాల్లో బూడిద కలిసిన నీలం. వదిన జాకెట్టు గుడ్డ. ఆ రేకులు. నాకు భయం వేసింది, ఇప్పుడు కూడా వేస్తోంది. గ్లాసులు కలిసిపోతే నువ్వు చూసి చెప్పేవాడివి. దీపం వెలుతురులో కాదు, చీకట్లో కూడా చెప్పేవాడివి.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. వదినను తీసుకుని వెళ్ళు. ఏం పని చేస్తావో ఆయనకు చెప్పు, ఏం పీలుస్తావో చెప్పు. కాగితం పట్టీ అన్నావు, అది రంగు చూసే పనేనా? అయితే ఆ పని రేపే మానెయ్యి. ఈ ఒక్క మాట నా మాట విను.

ఇంకోటి. నేను ఎన్నాళ్ళనుంచో ఇక్కడ చూస్తున్నాను, ఇక్కడ కంటితో ఎవరూ రంగు వెయ్యరు. సీసా మీద నంబరు ఉంటుంది, చీటీ మీద నంబరు ఉంటుంది. గొంగడి ముప్పై ఒకటి. ముప్పై ఒకటి ఎక్కడ రాసి ఉంటే అక్కడ ముప్పై ఒకటి పుయ్యడమే. నీ చెయ్యి చాలు. పెద్దావిడకు నేను ఏమీ చెప్పను, నువ్వూ చెప్పొద్దు. ఎవరికీ తెలియదు. వచ్చేయండి, నేను రైలు టిక్కెట్లు తీస్తాను.

చివరి పోరాటం గీస్తున్నాను. మడతలకు ఒప్పించాను. నీకోసమే.

కమల


పటాన్‌చెరు
ఏప్రిల్ 20, 1998

చెల్లె కమలకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడానికి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఈ రోజు అంతా రాసేస్తాను.

నువ్వు రాసింది నిజం. నాకు నీలం, ఆకుపచ్చ ఒకటిగానే ఉన్నాయి. ఎప్పటినుంచో సరిగ్గా తెలియదు. ఒక రోజు పోయినట్టు కాదు, బట్ట వెలిసినట్టు పోయింది. ప్రెస్సువాళ్ళు అనుకున్నాను, దుకాణంలో లైటు అనుకున్నాను, టీవీ అనుకున్నాను. నన్ను తప్ప అందరినీ అనుకున్నాను.

నీ ఉత్తరం చదివి కూడా నేను పని మానలేదు. అది నీకు చెప్పాలి. పట్టీ ఆకుపచ్చగా ఉంటే ఇంకా ఆగాలి, నీలం వస్తే తరవాతి మందు వదలాలి. ముందే వదిలితే పొంగుతుంది. నేను పట్టీ ముంచి, ఎంతసేపు అయిందో చూసి అంచనాగా చెప్తున్నాను. ఒక రోజు నీలం వచ్చిందని చెప్పాను. ఖదీర్ మూత దగ్గర నిలబడి ఉన్నాడు, వాల్వు మీద చెయ్యి వేశాడు. ఎందుకో నా దగ్గరికి వచ్చి పట్టీ చూశాడు.

"అన్నా, గిది ఆకుపచ్చనే ఉన్నది గద. నీలం ఏడున్నది?"

పట్టీని నా ముఖం ముందుకు తెచ్చి మళ్ళీ అడిగాడు, "నీకు కనబడ్తలేదా?"

"లేదు" అన్నాను.

అతను వాల్వు దగ్గరికి పోలేదు. పక్కనున్న డ్రమ్ము మీద కూర్చున్నాడు. "నా ముంగట ఇద్దరు పిల్లలున్నరు, ముందుగాల చెప్పొద్దా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. ఆ షిఫ్టులోనే ఫోర్‌మన్ దగ్గరికి పోయి నేనే చెప్పాను. మరుసటి వారం నన్ను గేటు దగ్గర వేశారు. లారీలు వస్తే గేటు తీస్తాను, పోతే వేస్తాను. గేటు నల్లది.

మల్లమ్మ నన్ను హైదరాబాదు తీసుకుపోయింది. డాక్టరు చుక్కల పుస్తకం పెట్టి ఏ అంకె కనిపిస్తోందని అడిగాడు. కొన్ని పేజీల్లో చుక్కలే ఉన్నాయి, అంకె లేదు. మల్లమ్మ నా వెనకనుంచి చూస్తూ ప్రతి పేజీకీ అంకె గొణుగుతోంది. డాక్టరు ఆమెను బయట కూర్చోమన్నాడు. సాల్వెంటు వల్లనే కావచ్చన్నాడు. దానికి దూరంగా ఉంటే ఇంకా చెడకపోవచ్చు, పోయింది వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. అలాగే అన్నాను. ఇంటికి వస్తూ బస్సులో మల్లమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. రావాలని కాసేపు చూశాను.

ఇక నంబర్ల సంగతి. నీ మనసు తెలుసు. నేను ఆలోచించాను, మల్లమ్మ అయితే ఈ రోజే పోదామంటోంది. "ఆడ గాలన్న మంచిగుంటది" అంటుంది. కానీ కమలా, ముప్పై ఒకటి పూస్తాను, అది నీలమో కాదో నాకు తెలియదు. పొరపాటు జరగదు, నిజమే. అయినా రోజంతా కూర్చుని ఇంకొకరి మాట మీద గగన్‌వీర్‌కు గొంగడి కప్పలేను. నంబరు చూసి చేసే పనైతే ఇక్కడ కూడా ఉంది. గీత నీది, రంగు నాది అనుకున్నాం. ఇప్పుడు రెండూ నువ్వే చూసుకో. దీనికి నువ్వు ఏడవొద్దు. నేను రంగు వేసిన ఆ రేకులు పెద్దావిడ తిరిగి ఇవ్వమంటే ఇచ్చెయ్యి, అడగకపోతే నీ దగ్గర ఉంచు.

మల్లమ్మ ట్రంకుపెట్టెలో బియ్యం పోసింది.

నిన్న ఆదివారం చివరి ఎపిసోడ్ వచ్చింది. ఖదీర్ వచ్చి పిలిస్తే పోయాను. నేను వస్తానో రానో అనుకున్నాడట. వాళ్ళావిడ ఇస్మత్ చాయ్ ఇచ్చింది, పిల్లలు జరిగి నాకు ముందు చోటిచ్చారు. నీళ్ళ ట్యాంకు మీద ఇద్దరూ కొట్టుకున్నారు. ఎంత బాగా గీశావు. గాలి ఎటునుంచి వస్తోందో తెలిసింది. ఇద్దరి మడతలూ నిక్కపొడుచుకుని ఉన్నాయి, ఇద్దరికీ కోపం ఉంది. పెద్దాయన చూస్తే సంతోషించేవాడు. మేక కూడా లేదు.

తరవాత ఒకడు పడిపోయాడు. పడుతుంటే గొంగడిలో మడతలు ఒక్కొక్కటే పోయాయి, కిందికి వచ్చేసరికి తడిగుడ్డ పడేసినట్టు పడింది. అది నీ చెయ్యి అని వెంటనే తెలిసింది.

ఎవరు పడ్డారో తెలియలేదు. ఖదీర్ పిల్లలు చప్పట్లు కొట్టారు. కొంచెం ఆగి నేనూ కొట్టాను.

సంగప్ప